కట్టబోయే ఫ్లాట్ కొంటున్నారా? హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

2018లో నల్లగండ్ల వైపు ఒక ఫ్లాట్‌ని బ్రోచర్ చూసి బుక్ చేశాం. 2021 దసరాకి తాళాలిస్తామన్నారు. చేతికి వచ్చింది 2023 ఉగాది దాటాక. ఆ మధ్యకాలమంతా ఒకపక్క మియాపూర్ ఇంటి అద్దె, ఇంకోపక్క బ్యాంకు వడ్డీ. అప్పటి నుంచి ఆఫీసులో ఎవరు ఫ్లాట్ బుక్ చేస్తున్నా, బంధువుల్లో ఎవరికి బ్రోకర్ ఫోన్ వచ్చినా నన్ను అడుగుతున్నారు. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి. నేను లాయర్‌ని కాదు. సంతకం పెట్టే ముందు కాగితాలు ఒక ప్రాపర్టీ లాయర్‌కి తప్పకుండా చూపించండి. ఫ్లాట్ ధర ముందు ఆ ఫీజు ఒక లెక్కే కాదు.

ప్రీ-లాంచ్‌లో సగం ధరకే ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. ఎందుకు వద్దో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే హైదరాబాద్‌లో మధ్యతరగతి వాళ్ల డబ్బు ఎక్కువగా మునిగింది ఇక్కడే.

ప్రీ-లాంచ్ అంటే ఏమిటి? బిల్డర్ ఒక స్థలానికి అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకుంటాడు. ఇంకా హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) అనుమతి లేదు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేదు. స్థలం కొనడానికి బ్యాంకులు బిల్డర్‌కి మామూలుగా అప్పు ఇవ్వవు. బయట తెస్తే వడ్డీ ఎక్కువ. అందుకని మన దగ్గరికి వస్తారు. "మొత్తం ఒకేసారి కడితే ఎస్‌ఎఫ్‌టీ 4,000కే ఇస్తాం, లాంచ్ అయ్యాక 8,000" అంటారు. అంటే వాళ్లకి వడ్డీ లేని అప్పు మనం ఇస్తున్నాం, అదీ తాకట్టు లేకుండా.

తాకట్టు లేదనడం ఏంటి, యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేస్తామన్నారు కదా అంటారు. యూడీఎస్ అంటే మొత్తం స్థలంలో విడదీయని వాటా. మీ పేరు మీద 35 గజాలు రిజిస్టర్ అవుతుంది, నిజమే. కానీ ఆ 35 గజాలు ఎక్కడున్నాయో చూపించమంటే ఎవరూ చూపించలేరు. మీలాంటి మూడు నాలుగు వందల మంది ఆ స్థలానికి ఉమ్మడి యజమానులు. రేపు బిల్డర్ చేతులెత్తేస్తే అమ్ముకోవాలన్నా, ఇంకో బిల్డర్‌కి ఇవ్వాలన్నా అందరూ ఒక్కమాట మీదకి రావాలి. ఒకరు అమెరికాలో ఉంటారు, ఒకరు చనిపోయి ఉంటారు, ఇంకొకరు కోర్టుకెళ్లి ఉంటారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన దగ్గర ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం లెక్కన ఎన్ని అంతస్తులైనా వేయొచ్చు. ప్రీ-లాంచ్‌లో 25 అంతస్తులని చెప్పి, అనుమతి తీసుకునేటప్పుడు 38కి వెళ్లొచ్చు. అదే స్థలంలో ఫ్లాట్లు పెరిగితే ఒక్కో ఫ్లాట్ కింద ఉండే గజాలు తగ్గాల్సిందే.

చట్టం ఏమంటుందంటే, 500 చదరపు మీటర్లు దాటిన స్థలం లేదా 8కి మించి ఫ్లాట్లు ఉన్న ప్రాజెక్టుని రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడం, బుకింగ్ తీసుకోవడం, అమ్మడం నిషిద్ధం. ఇది 2016 రెరా చట్టం 3వ సెక్షన్. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. "ఇది సేల్ కాదు సార్, ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంటరెస్ట్ మాత్రమే" అని బ్రోకర్ అంటే, నంబర్ వచ్చాకే చెక్కు ఇస్తానని చెప్పి లేవండి.

ఇప్పటికే ప్రీ-లాంచ్‌లో కట్టేశాను. ఇప్పుడేం చేయాలి?

ముందు భయపడకుండా కాగితాలన్నీ ఒకచోట చేర్చండి. రసీదులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, బ్రోకర్ పంపిన వాట్సాప్ మెసేజీలు, బ్రోచర్. వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి, డిలీట్ అవ్వకముందే. తర్వాత అనుమతి ఎక్కడిదాకా వచ్చిందో బిల్డర్‌ని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో వద్దు. జవాబు దాటేస్తుంటే మీలాగే కట్టినవాళ్లని వెతికి పట్టుకోండి. పదిమంది కలిసి వెళ్లినప్పుడు వినే తీరే వేరు. రెరా నంబర్ లేని ప్రాజెక్టు మీద కూడా తెలంగాణ రెరాలో ఫిర్యాదు చేయొచ్చు. మోసమని అనిపిస్తే పోలీసుల ఆర్థిక నేరాల విభాగం ఉంది. "ఇంకో ఐదు లక్షలు కడితే పని మొదలవుతుంది" అనే మాటకి మాత్రం లొంగకండి.

రెరా నంబర్ ఉంది. ఇక నిశ్చింతేనా?

సగం నిశ్చింత. ఆ నంబర్‌ని బ్రోచర్‌లో చూసి ఊరుకోకుండా తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. అక్కడ మంజూరైన ప్లాన్, ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం), స్థలం పత్రాలు, మూడు నెలలకోసారి పెట్టాల్సిన పని పురోగతి కనబడతాయి. నేను మొదట చూసేది ప్రాజెక్టు పూర్తయ్యే తేదీ. సేల్స్ ఆఫీసులో "2027 డిసెంబర్" అంటారు, రెరాలో 2029 జూన్ అని రాసి ఉంటుంది. రేపు ఆలస్యం మీద కొట్లాడాల్సి వస్తే సేల్స్ అబ్బాయి నోటిమాట నిలవదు, కాగితం మీద తేదీయే నిలుస్తుంది. అగ్రిమెంట్‌లో దానికి తోడు ఆరు నెలల గ్రేస్ పీరియడ్ కలిపారేమో కూడా చూడండి.

కొనేవాళ్ల దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేసి, ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికే వాడాలని చట్టం. అందుకే చెక్కు ఎవరి పేరు మీద రాయమంటున్నారో గమనించండి. రెరాలో చూపించిన ఖాతా కాకుండా ఇంకో కంపెనీ పేరు చెబితే అక్కడే ఆగండి.

రెరా నంబర్ ఇచ్చారంటే టైటిల్‌కి, అంటే స్థలం యాజమాన్య హక్కుకి, ప్రభుత్వం హామీ ఇచ్చిందని కాదు. లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి వరసగా వచ్చిన దస్తావేజులు), కనీసం 30 ఏళ్ల ఈసీ, ఆ సర్వే నంబర్ నిషేధిత భూముల జాబితా 22-ఏలో ఉందా లేదా అన్నది మీ లాయర్ చూడాల్సిందే. టైటిల్ లోపం వల్ల నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి, ఆ హక్కుకి కాలపరిమితి అడ్డురాదని 18వ సెక్షన్ చెబుతోంది.

చెరువు పక్కన ప్రాజెక్టు. "లేక్ వ్యూ" అంటున్నారు. హైడ్రాతో ఇబ్బంది వస్తుందా?

మా బావగారు రెండేళ్ల క్రితం అమీన్‌పూర్ వైపు ఇలాంటిదే చూశారు. నన్ను వెంట తీసుకెళ్లారు. ఆగస్టు నెల, ముందురోజు గట్టి వాన. సేల్స్ ఆఫీసులో ఏసీ, కాఫీ, గాజుపెట్టెలో అందమైన నమూనా. బయటికొచ్చి సెల్లార్ కోసం తవ్విన గొయ్యి దగ్గరికి వెళితే మోటారు పెట్టి నీళ్లు తోడుతున్నారు. వాచ్‌మన్‌ని అడిగాం. "ప్రతి వానాకాలం ఇంతే సార్, ఇది అలుగు పారే దారి" అన్నాడు. ఆ ఒక్కమాట ఏ బ్రోచర్‌లోనూ లేదు. బావగారు కారెక్కేశారు.

చెరువుకి ఎఫ్‌టీఎల్ అనేది నిండా నీళ్లు ఉన్నప్పటి హద్దు. అది దాటాక ఏమీ కట్టకుండా వదలాల్సిన బఫర్ జోన్. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, చిన్న చెరువులకి 9 మీటర్లు. నాలా 10 మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, అంతలోపైతే 2 మీటర్లు వదలాలి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో చెరువు పేరుతో మ్యాపులు దొరుకుతాయి. మీ సర్వే నంబర్ వాటిలో ఎక్కడ పడుతుందో సర్వేయర్‌తో చూపించుకోండి.

చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024 జులైలో ఏర్పాటైంది. ఆ ఆగస్టులోనే బాచుపల్లి ఎర్రకుంట దగ్గర బఫర్‌లో కడుతున్న అంతస్తుల భవనాలు కూల్చారు. అనుమతులిచ్చిన అధికారుల మీద కూడా కేసులు పెట్టారు. కాబట్టి "పర్మిషన్ ఉంది కదా" అన్నది మీకు పూర్తి రక్షణ కాదు. ఆ అనుమతి సరైన మ్యాపు మీద ఇచ్చిందేనా అన్నది కూడా చూసుకోవాలి.

రెండో అంతస్తులో ఫ్లాట్ తక్కువకి ఇస్తున్నారు. ఏమైనా మెలిక ఉందా?

ఉండొచ్చు. మన నగరంలో బిల్డర్ ప్లాన్ ప్రకారమే కడతాడన్న పూచీగా, కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతిచ్చిన సంస్థకి మార్టిగేజ్ (తాకట్టు) చేయాలి. అది గ్రౌండ్, మొదటి లేదా రెండో అంతస్తులో ఉంటుంది. ఓసీ (కట్టడం పూర్తయింది, నివాసం ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాక విడిపిస్తారు. ప్లాన్ తప్పి కడితే ఆ ఫ్లాట్లు ఇరుక్కుంటాయి. మంజూరు పత్రంలో ఏ ఫ్లాట్లు మార్టిగేజ్‌లో ఉన్నాయో ఉంటుంది. మీ ఫ్లాట్ నంబర్ అందులో ఉంటే వేరేది తీసుకోండి. మా బిల్డింగ్‌లో ఇద్దరు ఇది తెలియక కొన్నారు. మిగతావాళ్లం రిజిస్ట్రేషన్ చేయించుకున్నాక వాళ్లు ఇంకో 14 నెలలు ఆగారు.

ల్యాండ్ ఓనర్ వాటా ఫ్లాట్ కొనొచ్చా?

స్థలం ఇచ్చినందుకు యజమానికి బిల్డర్ ఇచ్చే ఫ్లాట్లివి. కొనొచ్చు, ధరా కాస్త తగ్గుతుంది. స్థల యజమాని, బిల్డర్ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉండాలి. ఏ ఫ్లాట్ ఎవరికి అన్న పంపకం సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో ఫ్లాట్ నంబర్లతో సహా రాసి ఉండాలి. అన్నదమ్ముల ఉమ్మడి స్థలమైతే అందరి సంతకాలూ, ఆడపిల్లల సంతకాలతో సహా, చూసుకోండి. పార్కింగ్, క్లబ్‌హౌస్ సభ్యత్వం ఆ ధరలో కలిశాయా లేదా అని కూడా అడగండి. బిల్డర్ తర్వాత విడిగా వసూలు చేస్తాడు.

1,650 ఎస్‌ఎఫ్‌టీ కొన్నాం. లోపల అంత లేదే?

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. తాళాలిచ్చిన రోజు నేను, మా ఆవిడ టేపు పట్టుకుని వెళ్లాం. బ్రోచర్‌లో పెద్ద పడకగది 14 అడుగులు అని ఉంది. గోడ నుంచి గోడకి 13 అడుగుల 2 అంగుళాలు వచ్చింది. మూలన పిల్లర్ లోపలికి పొడుచుకొచ్చింది. మేం అప్పటికే కొన్న మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోలేదు. బ్రోచర్ కొలతలు ప్లాస్టర్ వేయకముందువి, పిల్లర్ గీత బొమ్మలో లేదు.

1,650 అనేది సూపర్ బిల్టప్. అందులో లిఫ్ట్, మెట్లు, కారిడార్, క్లబ్‌హౌస్‌లో మన వాటా అన్నీ కలుస్తాయి. కార్పెట్ ఏరియా అంటే లోపల వాడుకునే నేల. లోపలి గోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. మా ఫ్లాట్ కార్పెట్ 1,120. ఎస్‌ఎఫ్‌టీ 7,500 అంటే చవకగా అనిపిస్తుంది. మొత్తం 1,23,75,000ని 1,120తో భాగిస్తే 11,049. రెండు ప్రాజెక్టుల్ని పోల్చేటప్పుడు ఈ రెండో లెక్క వేయండి. అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా రాయడం తప్పనిసరి.

బుకింగ్‌కి ఎంత కట్టాలి?

రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 13వ సెక్షన్. ముందు 20 శాతం కట్టండి, అగ్రిమెంట్ తర్వాత అంటే ఒప్పుకోవద్దు. చాలామంది బిల్డర్లు నోటరీ మీద సరిపెడతారు, రిజిస్టర్ చేయించమని పట్టుబట్టండి. రద్దు చేసుకుంటే ఎంత కోస్తారన్నది కూడా సంతకానికి ముందే చదవండి.

పెద్ద బ్యాంకు లోన్ ఇస్తోందంటే ప్రాజెక్టు మంచిదేనా?

బ్యాంకు తన డబ్బు గురించి చూసుకుంటుంది. మీ ఫ్లాట్ ఆగిపోయినా మీ జీతం మీద ఈఎంఐ ఆగదు. అందుకే లోన్‌ని స్లాబుల లెక్కన, పని జరిగిన మేరకే విడుదల చేయించుకోండి. ముందే మొత్తం ఇచ్చేయకూడదని, నిర్మాణ దశలని బట్టి ఇవ్వాలని 2013లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. "పజెషన్ దాకా ఈఎంఐ మేమే కడతాం" అనే ఆఫర్‌లో అప్పు మీ పేరు మీదే ఉంటుంది. బిల్డర్ కట్టడం ఆపిన నెల మీ సిబిల్ స్కోరు పడుతుంది. ప్రాజెక్టు స్థలాన్ని బిల్డర్ ఇంకో చోట తాకట్టు పెట్టి ఉంటే, ఆ సంస్థ నుంచి మీ ఫ్లాట్ నంబర్‌తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి.

చెప్పిన ధర మీద ఇంకా ఎంత పడుతుంది?

ఓసీ రాకముందు కొంటే జీఎస్టీ 5 శాతం. కార్పెట్ 60 చదరపు మీటర్ల లోపు, ధర 45 లక్షల లోపు అయితే 1 శాతం. ఓసీ వచ్చాక కొంటే లేదు. రిజిస్ట్రేషన్‌కి స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 2021 జులై నుంచి 7.5 శాతం. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ మీరే కోసి కట్టాలి. ఇవి కాక ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకి అదనపు ధర), ఫేసింగ్ చార్జి, పార్కింగ్, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్ (బిల్డింగ్ ఉమ్మడి నిధి), రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్స్. కోటి రూపాయల ఫ్లాట్‌కి జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌లకే పన్నెండున్నర లక్షలు అవుతుంది. ఆ డబ్బుకి లోన్ దొరకడం కష్టం, ముందే పక్కన పెట్టుకోండి.

మధ్యలో ప్లాన్ మార్చారు. పార్కు ఉండాల్సిన చోట ఇంకో టవర్ లేస్తోంది.

కొన్నవాళ్లు ఒప్పుకోకుండా కుదరదు. మొత్తం ప్రాజెక్టు లేఅవుట్, ఉమ్మడి స్థలాలు మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా అంగీకరించాలి. అయితే అగ్రిమెంట్‌తో పాటు ఇచ్చే కాగితాల కట్టలో "మార్పులకి ముందస్తు సమ్మతి" అనే పేజీ దూరుస్తారు. అది చించమనండి, లేదా కొట్టేసి సంతకం పెట్టండి.

పజెషన్ ఆలస్యమైంది. ఏం అడగొచ్చు?

రెండు దారులు. బయటికి వచ్చేస్తానంటే కట్టిందంతా వడ్డీతో తిరిగి ఇవ్వాలి. ఉంటానంటే తాళాలిచ్చేదాకా నెలనెలా వడ్డీ ఇవ్వాలి. తెలంగాణ నిబంధనల్లో ఆ వడ్డీ, స్టేట్ బ్యాంక్ అత్యధిక ఎంసీఎల్‌ఆర్ (అప్పులకి బ్యాంకు పెట్టుకునే ఆధార వడ్డీ రేటు) మీద 2 శాతం కలిపినంత. గడువు దాటాక డబ్బు వెనక్కి అడగడం కొన్నవాళ్ల హక్కు, దానికి షరతులు లేవని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది.

మేము ఇది అడగలేదు. "అందరం కలిసి గొడవెందుకు, ఎలాగూ ఇస్తాడులే" అని ఊరుకున్నాం. ఏడాదిన్నర వడ్డీ వదిలేసుకున్నాం. అది మా పాప ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం ఫీజంత. ఇప్పటికీ బాధగానే ఉంది, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెరాకి వెళ్లాలా, కన్స్యూమర్ కోర్టుకా?

రెండింట్లో ఏదైనా మీ ఇష్టం, 2020లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. కన్స్యూమర్ కమిషన్‌లో మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా, 2 కోట్ల దాకా రాష్ట్ర, దాని పైన జాతీయ కమిషన్. ఆలస్యం, రీఫండ్ లాంటి వాటికి నేనైతే రెరాకే వెళతాను, లాయర్ లేకుండా కూడా వాదించుకోవచ్చు. ఆర్డర్ వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. బిల్డర్ ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేయమని మళ్లీ అడగాలి, కలెక్టరేట్ చుట్టూ తిరగాలి. ఓపిక ఉండాలి.

ఓసీ రాలేదు, "గృహప్రవేశం చేసుకోండి, వారంలో వస్తుంది" అంటున్నారు.

మంచి ముహూర్తం ఉంది కదా అని చాలామంది ఇక్కడ మెత్తబడతారు. పాలు పొంగించుకోవాలంటే పొంగించుకోండి, కానీ పజెషన్ లెటర్ మీద సంతకం పెట్టకండి. ఆ సంతకంతో ఆలస్యపు వడ్డీ ఆగిపోయిందని బిల్డర్ వాదిస్తాడు. ఓసీ లేకపోతే ఫైర్ ఎన్‌ఓసీ ఉందో లేదో తెలియదు, జలమండలి కనెక్షన్ దగ్గర, ఆస్తి పన్ను దగ్గర ఇబ్బందులు. ఎత్తైన టవర్‌లో ఫైర్ పంపులు నడవకుండా పిల్లల్ని తీసుకెళ్లి ఉంచడం నాకు మనస్కరించదు.

తాళాలు తీసుకునే రోజు ఏం చూడాలి?

పగటిపూట వెళ్లండి. టేపు, ఫోన్ చార్జర్, ఒక బకెట్ తీసుకెళ్లండి. చార్జర్‌తో ప్రతి ప్లగ్ చూడండి. బాత్రూముల్లో, బాల్కనీలో బకెట్ నీళ్లు పోసి జాలీ వైపు పారుతున్నాయా, మూలన నిలుస్తున్నాయా చూడండి. టైల్స్ మీద నాణెంతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే కింద సిమెంట్ సరిగా పడలేదని అర్థం. అన్నీ ఫొటోలతో రాసి, బిల్డర్ ఇంజినీర్ చేత సంతకం పెట్టించుకోండి.

చేరి ఏడాదిన్నరైంది. పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి మా సీలింగ్‌లో తడి. బిల్డర్ పట్టించుకోవట్లేదు.

పజెషన్ ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్లలో నిర్మాణ లోపం, పనితనంలో లోపం ఏది చెప్పినా, డబ్బు తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలని 14వ సెక్షన్. ఆ 30 రోజులు మీరు తెలియజేసిన రోజు నుంచి లెక్క. సూపర్‌వైజర్‌కి నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. సీలింగ్ ఫొటో తీయండి, తేదీ వేసి కంపెనీకి ఈమెయిల్ పంపండి, అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో కూడా వేయండి. మా ఇంట్లో మూడు నెలలు ఫోన్లు చేస్తే రాని ప్లంబర్, పోస్టు అందిన తొమ్మిదో రోజు వచ్చాడు. పై ఇంట్లో టైల్స్ తీసి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేసి, మా సీలింగ్‌కి రంగు వేసి వెళ్లాడు.